ఎడమ మూలకి కొట్టేవాడు

ఫైనల్ రోజు కూడా ట్రెంట్ మజుర్ బంతిని ఎడమ మూలకే కొట్టాడు.

గోల్లో నిలబడ్డవాడికి ఎడమ. నేలకి జానెడెత్తున, స్తంభాన్ని రాసుకుంటూ పోయేలా. తెల్లవారుజామున పడ్డ మంచు కరిగి గడ్డి సబ్బు రాసినట్టుంది. గ్రేసన్ హోల్ట్ అటు దూకి, వేళ్ళ కొసలతో బంతిని అవతలికి నెట్టి, మోచేతుల నిండా బురదతో లేచాడు. ట్రెంట్ ఇంకో బంతి పెట్టాడు. మళ్ళీ అటే కొట్టాడు.

“ఒక్కటైనా కుడివైపు కొట్టొచ్చుగా మజుర్?” అన్నాడు గ్రేసన్.

“అవతలివాళ్ళు నిన్నడిగి కొడతార్రా?”

“అదీ నిజమే,” అని నవ్వి మళ్ళీ వంగి నిలబడ్డాడు ఆ కుర్రాడు. ట్రెంట్‌కి ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండుతుంది. తిరిగి తిట్టినా బాగుండేది.

మ్యాచ్‌కి ముందు మొదటి గోల్‌కీపర్ చేతులు వేడెక్కించడం రెండో గోల్‌కీపర్ పని. పెళ్ళికొడుక్కి నలుగు పెట్టి, ముస్తాబు చేసి, పల్లకీ ఎక్కించి, తను మాత్రం అతని చెప్పులు పట్టుకుని వెనకాల నడిచేవాడి పని. ఆగస్టు నుంచి నవంబరు దాకా ప్రతి మ్యాచ్‌కీ ట్రెంట్ ఆ పని చేశాడు. గ్రేసన్‌కి ఎడమ పక్క, కిందికి వచ్చే బంతి అంటే తడబాటని మొదటి వారంలోనే కనిపెట్టాడు. ఇక అప్పట్నించీ అటే కొట్టాడు. నోటితో తిట్టలేడు కాబట్టి కాలితో తిట్టాడు.

ట్రెంట్‌కి కుళ్ళు కొత్తేమీ కాదు. మూడో తరగతిలో పక్క కుర్చీవాడికి కాలు విరిగితే, వాడి పిండికట్టు మీద క్లాసంతా రంగు పెన్సిళ్ళతో సంతకాలు పెట్టారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి తల్లి ముందు నిలబడి, “నాకెప్పుడు విరుగుతుంది?” అని ఏడ్చాడు. తల్లి డార్లీన్ ఇప్పటికీ ఆ మాట పదిమందిలో చెప్పి నవ్విస్తుంది. ట్రెంట్ మాత్రం నవ్వడు.

టానర్స్ ఫోర్డ్ కొండల మధ్య ఊరు. ఫుట్‌బాల్ అంటే అక్కడ చేత్తో పట్టుకుని పరిగెత్తేదే. కాళ్ళతో ఆడేదాన్ని సాకర్ అంటారు, అది ఆడేవాళ్ళని కొంచెం జాలిగా చూస్తారు. ట్రెంట్ తండ్రి స్టాన్ మజుర్ ఊరి రోడ్ల శాఖలో లారీ డ్రైవరు. చలికాలం మంచు తోస్తాడు, ఎండాకాలం గుంతలు పూడుస్తాడు. కొడుకు సాకర్ ఆడతాడని తోటివాళ్ళు ఆటపట్టిస్తే, “ఆడతాడు గానీ, చేతుల్తోనే ఆడతాడులే,” అనేవాడు. గోల్‌కీపర్ తండ్రికి మాత్రమే దొరికే జవాబు అది.

సొంత ఊరి కాలేజీలోనే చేరాడు ట్రెంట్. మొదటి రెండేళ్ళు పైతరగతివాడి వెనకాల బెంచీ మీద కూర్చున్నాడు. దానికి బాధపడలేదు. వరసలో నిలబడితే వంతు వస్తుంది, అది న్యాయం. మూడో ఏడు వంతు వచ్చింది. ఆ ఏడంతా తనే ఆడాడు. జట్టు కాన్ఫరెన్స్ టోర్నమెంట్ సెమీఫైనల్ దాకా వెళ్ళి ఒక్క గోలుతో ఓడింది. చుట్టుపక్కల ఎనిమిది కాలేజీలు కలిసి ఆడుకునే పోటీ అది. ఆ కప్పు కోసం ప్రాణాలిచ్చేవాళ్ళు ఆ ఎనిమిది ఊళ్ళు దాటితే ఎక్కడా ఉండరు. ఆ ఊళ్ళలో మాత్రం ఉంటారు. ఓడిన సాయంత్రం స్నానాల గదిలో కూర్చుని ట్రెంట్ అనుకున్నాడు: వచ్చే ఏడు ఫైనల్లో గోల్లో నేనుంటాను. వచ్చే ఏడే ఆఖరు.

ఆ ఆఖరి ఏడు మొదలయ్యే ముందు, ఆగస్టులో, మేనత్త పాత సోఫాని ట్రక్కులోకి ఎక్కిస్తున్నారు తండ్రీ కొడుకులు. “తీశావా చెయ్యి?” అన్నాడు స్టాన్. “ఊఁ” అన్నాడు ట్రెంట్, ఫోన్ వైపు చూస్తూ. స్టాన్ వెనక తలుపు విసిరి మూశాడు. కుడిచేతి ఉంగరం వేలు విరిగింది.

ఆ కట్టు మీద ఎవరూ సంతకం పెట్టలేదు.

“రెండు మ్యాచ్‌లు గ్రేసన్ ఆడతాడు. వేలు బాగవగానే నీ కుర్చీ నీది,” అన్నాడు కోచ్ డూలీ. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు కాగితం కప్పులో ఉమ్ముతూ మాట్లాడే మనిషి. చెడ్డవాడు కాదు. కానీ గ్రేసన్ ఆడిన ఆ రెండు మ్యాచ్‌ల్లో బంతి ఒక్కసారీ వల తాకలేదు. మూడో మ్యాచ్‌కి ట్రెంట్ కట్టు విప్పుకుని వచ్చాడు. “గెలుస్తున్న జట్టుని ఎవడైనా కదుపుతాడా? ఇంకొక్క మ్యాచ్,” అన్నాడు డూలీ. ఆ ఇంకొక్కటి అక్టోబరు దాకా సాగింది. తర్వాత ట్రెంట్ అడగడం మానేశాడు, డూలీ చెప్పడం మానేశాడు.

గ్రేసన్ మొదటి సంవత్సరం కుర్రాడు. ఎక్కడో పెద్ద నగరం పక్కన, ఇళ్ళ ముందు గడ్డిని మనుషుల్ని పెట్టి కత్తిరించుకునే చోటు నుంచి వచ్చాడు. పదేళ్ళప్పటి నుంచి వాడొక్కడికే ఒక గోల్‌కీపింగ్ మాస్టారు. నాలుగు జతల గ్లౌజులు. పళ్ళు చూస్తే అద్దంలో పేర్చినట్టు. ఇవన్నీ ట్రెంట్ ఓర్చుకోగలడు. ఓర్చుకోలేనిది ఒక్కటే, వాడు మంచివాడు. వెధవైతే ఎంత సుఖంగా ఉండేది! హాయిగా అసహ్యించుకోవచ్చు. వాడేమో వార్మప్ అయిపోగానే ప్రతిసారీ, “థాంక్స్ మజుర్,” అంటాడు. స్టాన్ కనిపిస్తే “సార్” అంటాడు.

సెప్టెంబర్లో ఒకరోజు జట్టంతా మజుర్ల ఇంటికి భోజనానికి వచ్చింది. డార్లీన్ పెద్ద మూకుడులో క్యాబేజీ, నూడుల్స్ వెన్నలో వేయించి హలుష్కి చేసింది. గ్రేసన్ ఒక పళ్ళెం తిని, ఇంకో పళ్ళెం అడిగి తిన్నాడు.

“పాపం, ఇల్లెంత దూరమో! సరిగ్గా తింటున్నావా నాన్నా? ఈ మాంసం ముక్క కూడా వేసుకో,” అంది డార్లీన్.

ఆ ముక్క మామూలుగా ట్రెంట్‌ది. మూకుడు అడుగున అంటుకుని కరకరలాడే ముక్క. ఇరవై ఒక్క ఏళ్ళుగా అది అతనిదే. పళ్ళెంలోకి పోతుంటే చూశాడు. గోల్లో చోటు పోయినప్పుడు కూడా అంత మండలేదు.

“అమ్మా, వాడికి గోల్ ఇచ్చారు, కూర ఇచ్చావు. నా మంచం కూడా వేసివ్వు,” అన్నాడు అందరూ వెళ్ళాక.

“ఛీ, ఏం బుద్ధిరా నీది! చిన్నవాడు,” అంది డార్లీన్.

వేలు విరిగిన రోజు నుంచి కొడుకు ఆట గురించి స్టాన్ నోరు విప్పడం తగ్గిపోయింది. ఒక్క అలవాటు మాత్రం కొత్తగా వచ్చింది. ట్రక్కు వెనక తలుపు మూసే ముందు, దగ్గర్లో ఎవరున్నా సరే, “చేతులు!” అని అరుస్తాడు. అందరూ రెండు చేతులూ పైకెత్తి చూపించేదాకా మూయడు. పాస్టరు గారి చేత కూడా ఎత్తించాడు.

ఇక సీనియర్ల రోజు. సొంత మైదానంలో లీగు ఆఖరి మ్యాచ్‌కి ముందు, ఆ ఏడు చదువు ముగిసిపోయే ఆటగాళ్ళని తల్లిదండ్రులతో మైదానంలోకి నడిపిస్తారు. తల్లికి పువ్వులు, తండ్రికి కరచాలనం. ఆ రోజు సీనియర్లందరినీ మొదటినుంచీ ఆడించడం ఆచారం. ఎంత చేతకానివాడినైనా సరే. అలా ట్రెంట్‌కి సగం ఆట దొరికింది. అవతలిది కాన్ఫరెన్స్‌లో అట్టడుగు జట్టు. ఆ సగం ఆటలో ట్రెంట్ వైపు ఒక్క బంతీ రాలేదు. గ్లౌజులు తడవకుండా, చలికి ముక్కు కారుతూ నిలబడి, సగం కాగానే చప్పట్ల మధ్య బయటికొచ్చాడు. రెండో సగంలో గ్రేసన్ దిగాడు. అయిదు నిమిషాలు కాలేదు, అవతలివాళ్ళకి పెనాల్టీ దొరికింది. గ్రేసన్ దాన్ని ఆపేశాడు. డార్లీన్ ఒళ్ళోని పువ్వులు కింద పడేసుకుని మరీ లేచి చప్పట్లు కొట్టింది.

దేవుడు కూడా పెట్టినవాడికే పెడతాడు. ట్రెంట్ ఆ రోజు గట్టిగా నమ్మిన మాట అదే.

సెమీఫైనల్ గెలిచారు. మర్నాడు, ఫైనల్‌కి ముందురోజు, డూలీ అందరి చేతా పెనాల్టీలు కొట్టించాడు. గోల్లో ఒకసారి గ్రేసన్, ఒకసారి ట్రెంట్. గ్రేసన్ బంతిని చూసి దూకుతాడు. ట్రెంట్ బంతిని చూడడు, కొట్టేవాడి నడుము చూస్తాడు. నడుము అబద్ధమాడదు. కుర్రాళ్ళు కొట్టిన వాటిలో సగానికి పైగా ఆపాడు. జట్టులో గోల్స్ కొట్టే వెస్ టకెట్ అయితే, “వీడు చేతబడి చేస్తున్నాడు కోచ్,” అని బంతిని కాలితో తన్ని వెళ్ళిపోయాడు.

డూలీ ఇద్దరు గోల్‌కీపర్లనీ పక్కకి పిలిచాడు.

“సెయింట్ ఓస్విన్ జట్టు గోడలాంటిది. రేపు ఆట పెనాల్టీల దాకా పోవచ్చు. పోతే గోల్లో మజుర్ ఉంటాడు.”

గ్రేసన్ ముఖంలో నవ్వు, ఆ ఏడాదిలో మొదటిసారి, కొంచెం ఆలస్యంగా వచ్చింది.

“కానీ మన కాన్ఫరెన్స్ రూలు తెలుసుగా,” అన్నాడు డూలీ. “ఆఖరి విజిల్ పడేసరికి గోల్లో ఎవడుంటే వాడే పెనాల్టీలకి నిలబడాలి. తర్వాత మార్చనివ్వరు. అందుకని అదనపు సమయం ముగిసే ముందు మజుర్ టేబుల్ దగ్గరికి వెళ్ళి నిలబడతాడు. హోల్ట్, అప్పుడు నీ చేతికి బంతి రాగానే కాలు పట్టుకుపోయిందని కూలబడు. రెఫరీ ఆట ఆపుతాడు. మజుర్ దిగుతాడు.”

“అది మోసం కదా కోచ్?” అన్నాడు గ్రేసన్.

“మోసమెలా అవుతుంది? కండరం నీది. దాని కష్టం రెఫరీకేం తెలుసు?” అని పొట్టు ఉమ్మాడు డూలీ. “ఈ ఎనిమిది కాలేజీల్లో కాలు పట్టుకోని గోల్‌కీపర్ ఎవడున్నాడు?”

ఆ సాయంత్రం వంటింట్లో సూప్ తాగుతూ స్టాన్ చాలా రోజులకి నోరు విప్పాడు. “రేపు మనవాళ్ళు ఎన్ని కొడతారంటావ్?”

“ఒక్కటీ కొట్టకపోతే బాగుణ్ణు,” అనేశాడు ట్రెంట్.

తల్లీ తండ్రీ ఇద్దరూ చెంచాలు ఆపి చూశారు. అప్పుడు చెప్పాడు, పెనాల్టీల సంగతి. డార్లీన్ చెయ్యి గుండె మీద వేసుకుంది. స్టాన్ లేచి వెళ్ళి, పళ్ళాలు కడిగే తొట్టి ముందు నిలబడి, శుభ్రంగా ఉన్న గ్లాసునే చాలాసేపు కడిగాడు.

ఫైనల్‌కి ఊరు ఊరంతా వచ్చింది. దుప్పట్లు కప్పుకుని, ఫ్లాస్కులతో, అట్టపెట్టెల్లో వేడి సాసేజీలతో. ట్రెంట్ గ్రేసన్ చేతులు వేడెక్కించాడు, ఎడమ మూలకి, ఎడమ మూలకి, మళ్ళీ ఎడమ మూలకి. బెంచీ మీదికొచ్చి జాకెట్ కప్పుకుని కూర్చున్నాడు. తన జట్టు గోలు కొట్టకూడదని మొక్కుకుంటూ కూర్చున్న ఆటగాడు ఆ బెంచీ మీద అతనొక్కడే.

వెస్ టకెట్ కొట్టిన బంతి పైకర్రకి తగిలి ఎగిరిపోయింది. “అయ్యయ్యో!” అని అందరికన్నా గట్టిగా అరిచింది ట్రెంటే. లోపల గుండె తబలా వాయించింది. ఇంకోసారి వెస్ ఒంటరిగా గోల్‌కీపర్ ముందుకెళ్ళి బంతిని పక్కకి కొట్టాడు. ట్రెంట్ తల పట్టుకుని మోకాళ్ళలోకి వంగాడు, ముఖం కనబడకూడదని.

కానీ సగం పని అదే. తనవాళ్ళు కొట్టకపోతే చాలదు, అవతలివాళ్ళూ కొట్టకూడదు. అంటే గ్రేసన్ ఆపాలి. ఎవడి పేరు వింటే నిద్ర పట్టదో వాడే బాగా ఆడాలని కోరుకోవాలి. ట్రెంట్ మజుర్ ఆ మధ్యాహ్నం పడ్డ నరకం అది. గ్రేసన్ ఒక బంతి పట్టిన ప్రతిసారీ, హమ్మయ్య అనిపించేది. ఆ వెంటనే చప్పట్లు వినబడి జాకెట్ చెవుల మీదికి లాక్కునేవాడు.

రెండో సగం చివర్లో సెయింట్ ఓస్విన్‌వాడొకడు ఇద్దర్ని తప్పించుకుని వచ్చి కొట్టాడు. ఎడమ మూలకి. నేలకి జానెడెత్తున. తడి గడ్డి మీద ఒకసారి జారి వేగం పుంజుకున్న బంతి అది. ఏ గోల్‌కీపర్‌కైనా పీడకల. గ్రేసన్ మాత్రం బంతి ఇంకా కాలు వదలకముందే అటు ఒరిగాడు. నిలువునా సాగి, వేళ్ళ కొసలతో దాన్ని స్తంభం అవతలికి నెట్టేశాడు.

జనం చెక్క మెట్ల మీద కాళ్ళతో మోత మోగించారు.

గ్రేసన్ లేచి, బురద దులుపుకోకుండా, బెంచీ వైపు తిరిగి గ్లౌజు వేలు చాపాడు. సూటిగా ట్రెంట్ వైపు. నీ వల్లే, అన్నట్టు.

బెంచీ మీదివాళ్ళంతా ట్రెంట్ వీపు చరిచారు. “రోజూ అటే కొట్టావుగా! ఏం తెలివిరా నీది,” అన్నాడు డూలీ కూడా వెనక్కి తిరిగి.

ట్రెంట్ నవ్వాడు. ఆ వేలు చాపే బదులు ముఖాన ఉమ్మినా బాగుండేది. మూడు నెలల తన విషమంతా ఆ కుర్రాడు కషాయంలా తాగి బలిశాడు. తన కుళ్ళుతో వాణ్ణి తనే పెంచి పోషించాడు. పాముకి పాలు పోసినవాణ్ణి చూశాం గానీ, ఆవుకి విషం పోసి పాలు పిండించినవాణ్ణి ఎవరైనా చూశారా?

ఆట సున్నాకి సున్నాతో ముగిసింది. అదనపు సమయం మొదలైంది. ఇప్పుడు ఎవరు ముందు గోలు కొడితే వాళ్ళదే కప్పు, అక్కడితో ఆట ఆఖరు. మొదటి విడతలో ఎవరూ కొట్టలేదు. రెండో విడతలో అందరి కాళ్ళూ సీసం పోసినట్టయ్యాయి. బోర్డు మీద గడియారం వెనక్కి నడుస్తోంది. ఆఖరి నిమిషంలోకి వచ్చింది.

“మజుర్, జాకెట్ తియ్,” అన్నాడు డూలీ.

ట్రెంట్ లేచాడు. గ్లౌజులు తొడుక్కుని, సీసాలో నీళ్ళు వాటి మీద పోసి, అరచేతులు రెండూ ఒత్తుకున్నాడు. తడి గ్లౌజు బంతిని అంటుకుంటుంది. మెట్ల మీద డార్లీన్ లేచి నిలబడటం చూశాడు. పక్కన స్టాన్ ఆమె దుప్పటి కొస పట్టుకుని తనూ లేచాడు.

మైదానం మధ్యగీత దగ్గర టేబుల్ వెనక పెగ్గీ ఉంది. వారమంతా కాలేజీ లైబ్రరీలో, ఆటల రోజు ఈ టేబుల్ దగ్గర. లోపలికి వెళ్ళేవాళ్ళంతా ఆమెకి చెప్పి నిలబడాలి.

“ఎవరి బదులు నాయనా?”

“హోల్ట్ బదులు.”

“అదేంటి, అంత బాగా ఆడుతున్న పిల్లాణ్ణి తీసేస్తారా?”

“రాసుకో పెగ్గీ,” అన్నాడు ట్రెంట్ పళ్ళు బిగించి.

సెయింట్ ఓస్విన్‌కి మైదానం మూల నుంచి కొట్టే కార్నర్ దొరికింది. బంతి గాల్లోకి లేచి గుంపు మీదికి వచ్చింది. గ్రేసన్ నలుగురి తలల మీదుగా ఎగిరి దాన్ని రెండు చేతులా పట్టేసుకున్నాడు.

బంతి వాడి చేతిలో ఉంది. టేబుల్ దగ్గర ట్రెంట్ ఉన్నాడు. ఇక కావలసింది ఒక్క కండరం.

“కూర్చో!” అని గొంతు చించుకున్నాడు డూలీ. బెంచీ మొత్తం లేచింది. “కూర్చోరా! కాలు! కాలు!”

గ్రేసన్ తల తిప్పి టేబుల్ వైపు చూశాడు. అంత దూరం నుంచి కూడా ట్రెంట్‌కి వాడి ముఖం కనబడింది. నవ్వు లేదు. ఆ చూపు ట్రెంట్ ఎక్కడో చూశాడు. ఎక్కడో కాదు, మూడు నెలలుగా బట్టలు మార్చుకునే గది అద్దంలో, రోజూ.

గ్రేసన్ మోకాలు కొంచెం వంగింది. ట్రెంట్ కాలు గీత మీదికి వెళ్ళింది.

మోకాలు తిన్నగా అయింది. గ్రేసన్ మూడడుగులు పరిగెత్తి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బంతిని తన్నాడు. అది టేబుల్ మీదుగా, ట్రెంట్ తల మీదుగా పోయింది. కార్నర్ కోసం సెయింట్ ఓస్విన్‌వాళ్ళంతా ఇవతలికి వచ్చేసి ఉన్నారు. అవతల వెస్ టకెట్, ఒక్క డిఫెండరు. బంతి ఒకసారి నేల తాకి డిఫెండరు తల మీద నుంచి ఎగిరింది. వెస్ దాని వెనక పడ్డాడు. గోల్‌కీపర్ ముందుకొచ్చాడు. మధ్యాహ్నమంతా కొట్టలేనివాడు ఆ ఒక్కటీ మెల్లగా, పిల్లాణ్ణి ఉయ్యాల్లో వేసినట్టు, గోల్‌కీపర్ మీదుగా వలలో వేశాడు.

ఆట అయిపోయింది.

అందరూ పరిగెత్తారు. బెంచీ, డూలీ, మెట్ల మీది జనం. మధ్యగీత దగ్గర ట్రెంట్ ఒక్కడే, ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

“వెళ్ళవేం? గెలిచారయ్యా!” అంది పెగ్గీ కళ్ళు తుడుచుకుంటూ.

వెళ్ళాడు. అందరి కన్నా ఆఖర్న చేరి ఆ కుప్ప మీద పడ్డాడు. కింద ఎక్కడో గ్రేసన్ ఉన్నాడు. పైన ఉన్నవాడికి బరువు తెలియదంటారు. ఆ రోజు కుప్పలో అందరికన్నా పైన పడుకున్నవాడే అందరి బరువూ మోశాడు.

ఊరి పేపరువాడికి డూలీ, “ఆ కుర్రాడి కన్ను చూశారా? అంత గోలలో కూడా ముందున్నవాణ్ణి చూశాడు!” అని చెబుతున్నాడు. కూర్చోమని అరిచింది తనే అని ఆయనకి అప్పుడే గుర్తు లేదు. కప్పుతో ఫొటోకి నిలబెట్టారు. బురద పట్టిన ముఖాల మధ్య ట్రెంట్ చొక్కా ఉతికి ఆరేసినట్టుంది. గ్రేసన్ గుంపులోంచి తోసుకుంటూ వచ్చి అతని పక్కన నిలబడ్డాడు.

“కోచ్ అరుపు నీకు వినబడలేదా?” అన్నాడు ట్రెంట్, కెమెరా వైపే చూస్తూ.

“వినబడింది.”

“మరి?”

“నువ్వు గ్లౌజులు తడుపుకోవడం చూశాను. కూర్చుందామనే అనుకున్నా. ఇవ్వబుద్ధి కాలేదు.”

“వెస్ కనబడ్డాడు కదా?”

“లేదు. ఎవరూ కనబడలేదు. నువ్వు రాకూడదని తన్నాను, అంతే.”

ఫొటో తీసేవాడు ఇంకొంచెం దగ్గరికి జరగమన్నాడు. ఇద్దరి భుజాలూ తగిలాయి.

“నువ్వైతే కూర్చునేవాడివా?” అన్నాడు గ్రేసన్.

“చచ్చినా కూర్చోను.”

“తిట్టవా మరి?”

తిట్టాలనే ట్రెంట్ నోరు తెరిచాడు. కానీ ఏమని తిట్టాలి? ఇన్నాళ్ళూ వాడు పూతరేకులా మెత్తగా, తియ్యగా ఉన్నాడని మండిపోయాడు. తీరా చూస్తే లోపల తనలాంటి ముల్లే. అయినా తన ముల్లు తన కుర్చీనే పొడిచింది, వాడి ముల్లు కప్పు తెచ్చింది. కుళ్ళులో కూడా వాడిదే పైచేయి. అందుకూ కుళ్ళుకున్నాడు ట్రెంట్.

“నోరు మూసుకుని నవ్వు. ఫొటో,” అన్నాడు.

వాహనాలు నిలిపే చోట స్టాన్ మడత కుర్చీలు, దుప్పట్లు ట్రక్కులో పడేస్తున్నాడు. డార్లీన్ కొడుకుని కావలించుకుని, “ఆకలేస్తోందా?” అంది. “మూకుడులో అడుగు ముక్క దాచాను. నీకే.”

స్టాన్ వెనక తలుపు మీద చెయ్యి వేశాడు. “ఆ రోజు నేను ఇది విసరకపోయుంటే…”

“నాన్నా, మూసెయ్. చలేస్తోంది.”

“చేతులు,” అన్నాడు స్టాన్. అరవలేదు ఈసారి.

ట్రెంట్ రెండు చేతులూ పైకెత్తాడు. గ్లౌజులు ఇంకా తీయలేదు. తెల్లగా, తడిగా, ఒక్క మరక లేకుండా ఉన్నాయి. స్టాన్ వాటిని చూసినంతసేపు చూసి, తలుపు మెల్లగా, రెండు చేతులతో, చప్పుడు కాకుండా మూశాడు.

కప్పు గెలిచినవాళ్ళు దేశం మొత్తం పోటీకి వెళ్ళాలి. రెండు రోజులు పోయాక మళ్ళీ ప్రాక్టీసు. నేల గడ్డకట్టి బంతి రాయిలా ఉంది. ఎవరూ చెప్పకుండానే ట్రెంట్ బంతుల సంచీ మోసుకొచ్చి గోలు ముందు కుమ్మరించాడు. గ్రేసన్ గోల్లోకి వెళ్ళి, అలవాటు కొద్దీ, బరువు ఎడమకాలి మీద వేసి నిలబడ్డాడు.

ట్రెంట్ వాడి నడుము చూశాడు. మూడు నెలలుగా ఒక్క బంతీ పడని వైపు చూశాడు.

కుడి మూలకి కొట్టాడు. గ్రేసన్ కదిలేలోపే బంతి వలలో ఉంది.

“ఓహో!” అన్నాడు గ్రేసన్, పళ్ళన్నీ బయటపెట్టి. “ఇంకోటి కొట్టు.”

ట్రెంట్ ఇంకో బంతి పెట్టాడు. మళ్ళీ అటే కొట్టాడు.